జ్యూరీకీ ఇంటర్న్‌షిప్‌కీ మధ్య అయిదు రోజులు: పోచంపల్లి, పెడన, కొండపల్లి కారులో ఎలా

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో డిజైన్ మూడో సంవత్సరం. నవంబరు చివర్లో ఒక గురువారం మధ్యాహ్నానికి జ్యూరీ, అంటే చేసిన పనిని పరీక్షకుల ముందు చూపించే పరీక్ష, అయిపోతుంది. తర్వాతి బుధవారం ఉదయం బెంగళూరులో ఇంటర్న్‌షిప్‌లో చేరాలి. ఈలోగా నలుగురు కలిసి, ఒకరింట్లో ఉన్న చిన్న కారులో పోచంపల్లి (చేనేత), కొండపల్లి (చెక్క బొమ్మలు), పెడన (కలంకారీ), ఏటికొప్పాక (లక్క బొమ్మలు) చూసి, బందరులో ఉన్న అయిదో స్నేహితుడి ఇంటికీ వెళ్లి రావాలి. గురువారం రాత్రే బయల్దేరితే అన్నీ అవుతాయా?

అవవు. ఏటికొప్పాక తీసేయండి. గురువారం రాత్రి పడుకోండి. ఊళ్ల వరస మార్చండి. అప్పుడు మిగతా మూడూ హాయిగా అవుతాయి, బందరులో ఒక పూట తీరిగ్గా కూర్చోవచ్చు కూడా.

మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి లెక్క వేసుకున్నారు, చిక్కు అక్కడే వచ్చింది. ఇలాంటి ప్రయాణాన్ని నడిపేది రోడ్డు కాదు, పనివాళ్ల గడియారం. మగ్గం మీద కూర్చున్న మనిషి తొమ్మిది దాటాకే మీతో మాట్లాడగలడు, మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాలుస్తాడు. నవంబరు చివర్లో అయిదున్నర దాటితే వెలుతురు ఉండదు. అంటే ఒక రోజులో పనికొచ్చే పూట పొద్దున 9 నుంచి 12:30 వరకు, తర్వాత 3 నుంచి 5 వరకు. రెండో ముక్క ప్రయాణానికే పోతుంది. కాబట్టి రోజుకు ఒక ఊరు. రెండు పెట్టుకుంటే రెండూ దుకాణాల సందర్శనగా మిగులుతాయి.

ఏటికొప్పాక ఎందుకు వద్దంటే, అది అనకాపల్లి జిల్లాలో ఉంది, విజయవాడ నుంచే సుమారు 280 కిలోమీటర్లు. పోను ఒక రోజు, రాను ఒక రోజు. తరిణె (లేత్) మీద అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క కరిగి పట్టుకోవడం చూడాల్సిన పనే. కానీ దాన్ని విశాఖ వెళ్లే పని పడినప్పుడు పెట్టుకోండి.

గురువారం రాత్రి బయల్దేరొద్దని చెప్పడానికి కారణం మీకూ తెలుసు. జ్యూరీ ముందు రెండు మూడు రాత్రులు నిద్ర ఉండదు. అలాంటి మనిషి రాత్రి పదకొండింటికి స్టీరింగ్ పట్టుకుంటే సూర్యాపేట లోపే కళ్లు మూతలు పడతాయి. కాఫీతో అది ఆగదు. పక్క సీట్లో ఉన్నవాడు మాట్లాడుతుంటే మేలుకుని ఉంటాననుకోవడం భ్రమ, వాడే ముందు నిద్రపోతాడు. గురువారం చేయాల్సింది కారు చూసుకోవడం, ఫోన్లు చేయడం, ఎనిమిది గంటలు పడుకోవడం.

ముందు కారు సంగతి. ఇంట్లో వారానికోసారి కూరగాయలకు వెళ్లే కారు 800 కిలోమీటర్లు తిరగబోతోంది. టైర్లు అరగకపోయినా ముసలివై ఉంటాయి. టైరు పక్కగోడ మీద చిన్న గుండ్రని గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 3518 అని ఉంటే 2018లో 35వ వారం తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైరును, గీతలు ఎంత లోతుగా కనిపించినా, పక్కగోడల్లో సన్నని పగుళ్లు ఉంటే హైవే మీదికి తీసుకెళ్లకండి. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద అంటించిన కాగితం మీద ఉంటుంది. ఇద్దరికి ఒక లెక్క, నిండా జనం, సామాను ఉంటే ఇంకో లెక్క రాసి ఉంటుంది. మీకు కావాల్సింది రెండోది. టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే బంకు ఇంటికి దగ్గరగా ఉన్నప్పుడే పట్టించండి. స్టెప్నీకి కూడా గాలి పట్టించండి, దాన్ని అందరూ మరిచిపోతారు. జాకీ, ఎల్ స్పానర్ ఉన్నాయో లేదో చూడటం చాలదు, ఒక్క నట్టు వదులు చేసి చూడండి. టైరు షాపులో గాలి తుపాకీతో బిగించిన నట్టు చేత్తో రాకపోవచ్చు, అది రోడ్డు పక్కన తెలుసుకునే సంగతి కాదు. కూలెంట్ మట్టం, వైపర్ రబ్బరు, రెండు హెడ్‌లైట్లు చూస్తే చాలు. కారు ఎక్కువ కదలనిదైతే బ్యాటరీ వయసు కూడా అడగండి, మూడు నాలుగేళ్లు దాటితే ఒకసారి చెక్ చేయించండి.

డిక్కీలో జ్యూరీ మోడళ్లు పెట్టుకుని బయల్దేరేవాళ్లు ప్రతి బ్యాచిలో ఉంటారు. ఎండలో మూసిన కారులో గ్లూ గన్ జిగురు మెత్తబడి మోడల్ ఒరిగిపోతుంది. పైగా పంక్చరైతే స్టెప్నీ ఆ సామాను కిందే ఉంటుంది. అవి హాస్టల్లో పెట్టండి.

కాగితాల విషయానికొస్తే ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, నడిపే ఇద్దరి లైసెన్సులు కావాలి. డిజిలాకర్‌లోవి చెల్లుతాయి, కానీ వాటిని బయల్దేరే ముందే తెరిచి చూసుకోండి. కారు ఎవరిదో వాళ్లింట్లో ఒక్క మాట అడగండి: ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమేనా, పూర్తిదా? థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మీ కారుకు తగిలిన సొట్టకు పైసా రాదు, ఆ ఖర్చు నలుగురూ ఎలా పంచుకోవాలో ముందే మాట్లాడుకోవాలి. లెర్నింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు స్టీరింగ్ ఇవ్వకండి, ఖాళీ రోడ్డయినా సరే. సొంత కారు తెలంగాణ నుంచి ఆంధ్రకు వెళ్లడానికి పర్మిట్ అక్కర్లేదు. ఒకవేళ ఇంటి కారు కుదరక సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారు తీసుకుంటే, ఇంకో రాష్ట్రంలోకి వెళ్లడానికి అనుమతి ఉందా, ఆ పన్ను ఎవరు కడతారు, రోజుకు ఎన్ని కిలోమీటర్ల పరిమితి అనే మూడూ రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక వరస. శుక్రవారం పోచంపల్లి, సాయంత్రానికి విజయవాడ. శనివారం పెడన, రాత్రి బందరు. ఆదివారం బందరులో స్నేహితుడింట్లో, సాయంత్రం విజయవాడ. సోమవారం పొద్దున కొండపల్లి, అటునుంచి అటే హైదరాబాద్. మంగళవారం ఖాళీ. కొండపల్లిని చివర్లో పెట్టడానికి కారణం, అది హైదరాబాద్ రోడ్డుకు దగ్గరే. విజయవాడ దగ్గరున్న ఇబ్రహీంపట్నం నుంచి పక్కకు తిరిగితే చాలు. వెళ్లేటప్పుడు అక్కడికి చేరేసరికి చీకటి పడుతుంది, వచ్చేటప్పుడు పొద్దున పూట దొరుకుతుంది. మంగళవారం ఖాళీ ఎందుకని అడుగుతారు. కారు చెడిపోయినా, ఒకరికి కడుపు నొప్పి వచ్చినా ఆ ఆలస్యం ఈ రోజులో సర్దుకుంటుంది. ఏమీ జరగకపోతే బట్టలు ఉతుక్కుని, ఫొటోలు సర్దుకుని, సాయంత్రం బెంగళూరు రైలెక్కుతారు. ఆ టికెట్టు మాత్రం ఇవాళే తీయండి.

శుక్రవారం ఏడున్నరకు ఎల్‌బీ నగర్ దాటితే తొమ్మిదికల్లా పోచంపల్లిలో ఉంటారు. భూదాన్ పోచంపల్లి అని పూర్తి పేరు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నది ఈ ఊళ్లోనే. మీకు కావాల్సింది మాత్రం షోరూములు కాదు, ఇళ్లు. షోరూములో చీర కనిపిస్తుంది, చీర ఎలా వచ్చిందో కనిపించదు. ఇక్కడ మగ్గం చివరి మెట్టు మాత్రమే, డిజైనంతా మగ్గానికి ముందే నూలు మీద జరిగిపోతుంది. కాబట్టి చూసే వరస ఆసు దగ్గర మొదలుపెట్టండి. ఆసు అంటే, అర్ధచంద్రంలా మేకులున్న చట్రం మీద పేక (నేతలో అడ్డంగా వెళ్లే) నూలును పోగు పోగుగా అటూ ఇటూ చుడతారు. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేల సార్లు అటూ ఇటూ ఆడాలి, ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల భుజాల మీద పడేది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి బాధ చూసి తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం ఆ కదలికను మోటారుకు అప్పగించింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ప్రొడక్ట్ డిజైన్ చదివేవాళ్లు ఆ యంత్రం ముందు కనీసం ఇరవై నిమిషాలు నిలబడాలి. దారం తెగితే ఏమవుతుంది, మేకు నుంచి మేకుకు ఎలా జరుగుతుంది, అలవాటైన చేతిని అది ఎక్కడ అనుకరించింది, ఎక్కడ మానేసింది అన్నవి చూడండి.

తర్వాత చిటికి కట్టడం. గ్రాఫు ప్రకారం గుర్తులు పెట్టిన నూలు కట్టల మీద రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలు బిగించి చుడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని విప్పి, కొన్ని కొత్తగా కట్టి మళ్లీ ముంచుతారు. రంగుకో దఫా. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి డిజైను అంచు మసకబారుతుంది, నేతలో ఆ తప్పును ఎవరూ సరిదిద్దలేరు. ఇది తెలిశాక చేతిలో ఉన్న గుడ్డను చదవడం సులువు. పేక మీద మాత్రమే చిటికి వేస్తే అంచు అడ్డంగా చెదురుతుంది, పడుగు (నిలువు నూలు) మీద వేస్తే నిలువుగా, రెండింటి మీదా వేస్తే రెండు వైపులా. ఏ అంచూ చెదరకుండా గీత గీసినట్టుంటే, వెనక్కి తిప్పితే రంగు వెలవెలబోతే, అది ప్రింటు. డబ్బు ఇచ్చే ముందు ఒక్కసారి తిరగేసి చూడండి.

తేలియా రుమాలు అనే చదరపు చిటికి గుడ్డ మీద ఆసక్తి ఉంటే పోచంపల్లికి బదులు పుట్టపాక వెళ్లండి, రెండూ ఒకే రోజు వద్దు. చౌటుప్పల్ నుంచి నారాయణపురం వైపు వెళ్లాలి. నూలును ఆముదం నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి మర్దించాక రంగులు వేస్తారు, ఆ పేరు అందుకే వచ్చింది, హిందీలో తేల్ అంటే నూనె. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగులు పాత రుమాళ్లలో కనపడవు.

పన్నెండున్నరకు లేవండి. వెనక్కి రాకుండా చౌటుప్పల్ వైపు వెళ్తే హైవే కలుస్తుంది. విజయవాడ దాకా పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర అని నాలుగు టోల్‌గేట్లు. ఫాస్టాగ్‌లో ముందు రోజే వెయ్యి రూపాయలు వేసి ఉంచండి. గేటు ముందు నిలబడి రీచార్జ్ చేస్తే అది వెంటనే ఎక్కకపోవచ్చు, వెనకవాళ్ల హారన్లు మాత్రం వెంటనే వస్తాయి. రెండు గంటలు దాటకుండా డ్రైవరు మారాలి, సూర్యాపేట దగ్గర ఒకసారి, కోదాడ దాటాక ఒకసారి. వేగం 80 దగ్గర ఉంచండి. డివైడరున్న రోడ్డు కదా అని నమ్మొద్దు, ఊళ్ల దగ్గర ఎదురు దిక్కులో బైకులు, ఆటోలు వస్తూనే ఉంటాయి. డిసెంబరు వచ్చేస్తే తెల్లవారుజామున పొగమంచు కూడా ఉంటుంది, అది కూడా పెందలాడే బయల్దేరకపోవడానికి ఒక కారణం.

శనివారం ఏడింటికి విజయవాడ వదిలితే తొమ్మిదికి పెడన. బందరుకు పది కిలోమీటర్ల దూరం. ఈ ప్రయాణంలో ఎక్కువ ముందస్తు ఏర్పాటు కావాల్సింది ఇక్కడే. ఎందుకంటే కలంకారీ ఒక రోజు పని కాదు. గుడ్డను ఉడకబెట్టి, ఉతికి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరబెట్టిన ద్రావణంతో అచ్చు వేస్తే, గుడ్డలో ఉన్న కరక్కాయ వగరు, ఇనుము కలిసి అక్కడికక్కడే నల్లగా మారుతుంది. మీ కళ్ల ముందే జరుగుతుంది, వీడియో తీసుకోవచ్చు. ఎరుపు అలా కాదు. అచ్చు వేసేది ఎరుపు రంగు కాదు, పటిక, తుమ్మ జిగురు కలిపిన ద్రావణం. అది వేసినచోట దాదాపు ఏమీ కనిపించదు. కొన్ని రోజులు గుడ్డను పక్కన పెట్టి, పారే నీళ్లలో ఉతికి, రాగి డేగిసాలో రంగునిచ్చే వేరు, జాజి ఆకు వేసి ఉడికిస్తే, పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. అచ్చు వేసే రోజు వెళ్తే ఎరుపు కనపడదు, ఉడికించే రోజు వెళ్తే అచ్చు కనపడదు. అందుకే గురువారం ఫోన్ చేసినప్పుడు "శనివారం వస్తున్నాం, మీ దగ్గర ఆ రోజు ఏ పని నడుస్తుంది? ఉడికింపు ఉందా?" అని అడగండి. రెండు వర్క్‌షాపులకు ఫోన్ చేస్తే ఒకచోట అచ్చు, ఇంకోచోట ఉడికింపు దొరికే అవకాశం ఉంది. పెడనలో స్క్రీన్ ప్రింటింగ్ కూడా బాగానే నడుస్తుంది, "చెక్క అచ్చులేనా, సహజ రంగులేనా" అని స్పష్టంగా అడగండి. దాచే పని కాదు, చెబుతారు.

టేకు అచ్చును చేతికిస్తే తిరగేసి చూడండి. వెనక నుంచి ముందుకు సన్నని రంధ్రాలు ఉంటాయి. గాలి, ఎక్కువైన రంగు అటునుంచి పోతాయి, లేకపోతే గుడ్డ మీద బుడగలు, మరకలు పడతాయి. అచ్చు మూలల్లో ఉన్న చిన్న చుక్కలు చూడండి, తర్వాతి అచ్చును సరిగ్గా ఆనించేది వాటి సాయంతోనే. బల్ల మీద గోనె, దుప్పటి పొరలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. గట్టి బల్ల మీద అదే అచ్చు సగమే పడుతుంది. ఇలాంటి మూడు వివరాలు మీ పోర్ట్‌ఫోలియోకు యాభై అందమైన ఫొటోల కంటే ఎక్కువ పనికొస్తాయి.

ఫొటోలకు ఖరీదైన కెమెరా అక్కర్లేదు. 15 సెంటీమీటర్ల స్కేలు, ఒక బూడిదరంగు కార్డు తీసుకెళ్లండి. ప్రతి గుడ్డ పక్కన రెండూ పెట్టి, ట్యూబులైటు ఆపించి కిటికీ వెలుగులో తీయండి. ఫోన్‌లో వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే పక్కపక్కన తీసిన రెండు ఫొటోల్లో ఒకే ఎరుపు రెండు రకాలుగా వస్తుంది. గ్రాఫు కాగితాలు, ఇంకా మార్కెట్‌కు వెళ్లని ఆర్డరు డిజైన్లు అడగకుండా తీయొద్దు. అడిగినా కొందరు వద్దంటారు. ఆ డిజైను పది రోజుల్లో పవర్‌లూమ్ మీదకి వెళ్లిపోతే నష్టపోయేది వాళ్లే. పూట మొత్తం ఒక మనిషి పని ఆపి మీకు చూపిస్తే దానికి డబ్బు ఇవ్వాలి. ఎంతని వెళ్లాక నసగడం కంటే ఫోన్‌లోనే అడిగి ఖాయం చేసుకోండి. ఏదైనా కొనేటప్పుడు బేరమాడకండి.

శనివారం సాయంత్రం బందరు. మంగినపూడి బీచ్‌కు పొద్దుగుంకే ముందు ఒక గంట చాలు. స్నేహితుడి ఇంటికి మాత్రం ఎంతమంది వస్తున్నారు, ఏ పూట తింటారు, ఎవరు మాంసం తినరు అన్నది గురువారమే చెప్పండి. "ఏదో ఒకటి తింటాం ఆంటీ" అనే మాట వంటింట్లో ఎవరికీ సాయపడదు. రాత్రి ఎనిమిదికల్లా గుమ్మంలో ఉండాలి, పదింటికి కాదు. చేతిలో పళ్లు తీసుకెళ్లండి. బందరు లడ్డూ మాత్రం బందరు వాళ్లింటికి తీసుకెళ్లకండి, తిరిగి వచ్చేటప్పుడు మీ ఇంటికి కొనుక్కోండి. ఆదివారం సాయంత్రం బయల్దేరేదాకా పూర్తిగా వాళ్లకే వదిలేయండి, ఏ వర్క్‌షాపూ పెట్టుకోకండి.

సోమవారం పొద్దున్నే కొండపల్లి, బొమ్మల కాలనీ. తెల్ల పొణికి కర్ర ఎంత తేలికో చేతిలో పట్టుకుంటే కానీ తెలియదు. సన్నని సెగ మీద చెమ్మ పోగొట్టి, బాడిసతో, ఆకురాయితో చెక్కుతారు. తల, చేతులు, కాళ్లు విడివిడిగా చేసి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆపైన సున్నం పూత, తర్వాత రంగులు. అతుకు ఎక్కడుందో కనపడకపోవడమే పనితనం. ఏనుగు అంబారీ లాంటి బొమ్మ కొంటే పాత బట్టలో చుట్టి వెనక సీటు కింద పెట్టండి. డిక్కీలో బ్యాగుల కింద పెడితే ముందు విరిగేది తొండం. పన్నెండున్నరకు బయల్దేరితే ఆరున్నరకు ఇంట్లో ఉంటారు.

ఖర్చు: మొత్తం సుమారు 800 కిలోమీటర్లు. లీటరుకు 15 లెక్కన 54 లీటర్ల లోపు, లీటరు 110 అనుకుంటే 5,900. టోల్ వెయ్యి, పార్కింగ్, చిల్లర 300. విజయవాడలో శుక్రవారం, ఆదివారం రెండు రాత్రుల గదులకు 4,000 పెట్టుకుంటే మొత్తం 11,200, తలకు 2,800. మొదటి రోజే తలకు 3,000 ఒకరి చేతిలో వేయండి, ఇవన్నీ అందులోంచే. భోజనం, కొనుగోళ్లు, చూపించినందుకు ఇచ్చే డబ్బు వేరే లెక్క. కారు తెచ్చినవాళ్ల దగ్గర పెట్రోలు వాటా తీసుకోకపోవడం మర్యాద, అప్పుడు మిగతా ముగ్గురికీ 500 చొప్పున పెరుగుతుంది. హైదరాబాద్‌లోనే ట్యాంకు నింపుకోండి, ఆంధ్రలో ధర సాధారణంగా కాస్త ఎక్కువ.

ఫోన్ చేసినప్పుడు అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఆ రోజు సెలవా? కొన్ని నేత ఇళ్లలో అమావాస్య నాడు మగ్గం ఎక్కరు. క్యాలెండర్ చూసి అడగండి.

చివరిగా వాన. నవంబరు చివర్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే పెడనలో గుడ్డ ఆరదు, పని ఆగిపోతుంది. గురువారం రాత్రి వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. కృష్ణా జిల్లాకు భారీ వర్షమని ఉంటే బందరు వైపు మానేసి, శుక్రవారం పోచంపల్లి చూసి ఇంటికి వచ్చేయండి, శనివారం పుట్టపాక వెళ్లి రండి. బందరు స్నేహితుడికి ఆ సంగతి గురువారం రాత్రే చెప్పండి, వాళ్లమ్మగారు అయిదుగురికి సరుకులు తెప్పించక ముందే.